తమ్ముడు కొన్న హార్నెస్

తమ్ముడు పారాగ్లైడింగ్ హార్నెస్ కొన్న సంగతి వాడు చెప్తే నాకు తెలియలేదు. వాడు పెట్టిన వీడియోలో చూశాను. తెల్లాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిలబడి, దాన్ని వీపుకు తగిలించుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ బార్లా చాపాడు. కింద "ఇక ఆకాశమే నా అడ్రస్" అని రాసుకున్నాడు. ఛాతీ మీది పట్టీ ఒక్కటే పెట్టుకున్నాడు, ఫొటోలో పడేది అదే కాబట్టి. తొడలకు బిగించాల్సిన పట్టీలు మోకాళ్ల దగ్గర ఊగుతున్నాయి. చూసినవాళ్లంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ ఊగే పట్టీల సంగతి ఒక్కరూ అడగలేదు.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, చిన్నాన్న కొడుకు. మా నాన్న, చిన్నాన్న కోస్తా నుంచి ఉద్యోగాలకని వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో చేరారు. బీరంగూడలో ఒకే ఇంట్లో రెండు వాటాల్లో మేమందరం పెరిగాం. నేను అదే ఇంట్లో ఉండిపోయాను. గుమ్మడిదల వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. వాడు సాఫ్ట్‌వేర్‌లో చేరి, చాలా ఎత్తున ఒక ఫ్లాట్ కొనుక్కున్నాడు. అంత ఎత్తున కాపురం ఉంటే ఎగరడం సగం వచ్చేసినట్టేనని వాడి నమ్మకమేమో నాకు తెలియదు.

నేను పారాగ్లైడింగ్ నేర్చుకున్నది నలభై దాటాక. ఆఫీసులో అందరూ ఒక్కటే అడిగారు: "మీకు పిల్లలున్నారు కదా మేడం?" మగవాళ్లను ఎవరూ అలా అడగరు. నాకు నేర్పిన మాస్టారు పూర్వం కొండల్లో ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. చలికాలం ఆదివారాల్లో సంగారెడ్డి దాటాక ఒక బోడిగుట్ట మీద, కింది పొలం రైతును అడిగి, నలుగురైదుగురికి నేర్పేవారు. గుట్ట చిన్నదే. పైనుంచి రెక్క విప్పి పరిగెత్తితే, కాసేపు గాల్లో తేలి, కోతలైపోయిన మడిలో దిగుతాం. అంతే. కానీ ఆ కాసేపు కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

పారాగ్లైడింగ్ అనగానే అందరికీ పైన కనిపించే రంగుల గుడ్డ రెక్కే గుర్తొస్తుంది. దాని కింద మనిషిని కూర్చోబెట్టి కట్టి ఉంచే పట్టీల కుర్చీ ఉంటుందే, అదే హార్నెస్. రెక్క గాల్లో ఉంటుంది. మనం రెక్కకు అంటిపెట్టుకుని ఉండేది మాత్రం ఆ నాలుగు పట్టీల వల్లే. మాస్టారు మొదటి రోజు మమ్మల్ని ఎగరనివ్వలేదు. పట్టీలు పెట్టించి, విప్పించి, మళ్లీ పెట్టించారు. "తొడల పట్టీలు అన్నిటికన్నా ముందు పెట్టాలి, అన్నిటికన్నా ఆఖరున విప్పాలి. మధ్యలో ఫోనొచ్చినా, దాహమేసినా, దేవుడొచ్చినా విప్పకూడదు" అన్నారు. ఆ రోజు విసుక్కున్నాను. తర్వాత ఎప్పుడూ విసుక్కోలేదు.

వీడియో చూసిన సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఎక్కడ కొన్నావురా?"

"ఆన్‌లైన్‌లో అక్కా. సెకండ్ హ్యాండ్. బ్రాండెడ్. అమ్మినతను చాలా ఎగిరాడట."

"చాలా ఎగిరాడంటే చాలా అరిగిందని అర్థం. అది తీసుకుని ఇంటికి రా. నేను చూడకుండా దాంట్లో కూర్చోవద్దు."

"అక్కా, నువ్వు క్వాలిటీ డిపార్ట్‌మెంట్ ఇంటికి తెచ్చేశావు" అని నవ్వాడు. కానీ వచ్చాడు. వాడి భార్యను కూడా తీసుకొచ్చాడు. మా మరదలు సంగారెడ్డి అమ్మాయి, బడిలో లెక్కలు చెప్తుంది. తక్కువ మాట్లాడుతుంది, అన్నీ చూస్తుంది.

సంచి విప్పగానే బట్టల సబ్బు వాసన గుప్పుమంది.

"ఉతికావా?"

"వాషింగ్ మెషీన్‌లో వేశానక్కా. డెలికేట్ మోడ్‌లోనే. చెమట వాసనొచ్చింది మరి. వారం రోజులు బాల్కనీలో ఎండబెట్టాను, చూడు ఎంత ఫ్రెష్‌గా ఉందో."

నాకు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. ఇంజనీరింగ్ చదివిన మనిషి. ఆ పట్టీల నైలాన్‌ను, కుట్లను తినేసేది ఎండ. ఇసుక, తేమ, గాఢమైన సబ్బులు దాని తర్వాత. మురికైతే తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, పొడిగా ఉన్నాకే సంచిలో పెట్టాలి. వీడు దాన్ని చొక్కాలతో కలిపి గిరగిరా తిప్పి, వడియాల్లా ఎండబెట్టాడు. చెబితే "ఇంత సెన్సిటివ్ అయితే దీంతో ఎలా ఎగురుతారక్కా?" అన్నాడు. అదే తెలివితో వాడు ఆఫీసులో నలభై మందికి బాస్.

మా ఇంటి ముందు వరండా దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. హార్నెస్‌ను దానికి వేలాడదీసి, అందులో కూర్చుని, నేల మీదే కొలతలు సరిచేసుకోవడానికి పెట్టించాను. అది పెట్టిన వెల్డింగ్ అతను "ఊయలకా మేడం?" అని అడిగితే, "కాదు, నేనే వేలాడటానికి" అన్నాను. అతను మిషన్ ఆపేసి, "గట్ల మాట్లాడకుండ్రి మేడం. ఇంట్ల ఏమన్న పరేషాన్ ఉంటే సార్‌కు చెప్పుండ్రి" అన్నాడు. అతనికి హార్నెస్ తెచ్చి చూపించి, పట్టీలు పెట్టుకుని చూపిస్తే గానీ మళ్లీ మిషన్ ఆన్ చేయలేదు. పాపం, మంచివాడు.

ఆ కొక్కేనికి తమ్ముణ్ని వేలాడదీశాం. తొడల పట్టీలు నేనే బిగించాను. భుజాల పట్టీలు వాడికంటే ఎంతో పొడుగాటి మనిషికి పెట్టినట్టున్నాయి. వాడు వెనక్కి పడుకున్నట్టు అయిపోయాడు. కాళ్లు పైకి లేచాయి. తల దించితే ఛాతీ పట్టీ గడ్డానికి తగులుతోంది.

"ఇలాగే హాయిగా ఉందక్కా. రిక్లైనర్‌లా ఉంది."

"సినిమా చూడటానికి పోవడం లేదు. వెనక్కి పడుకుంటే రెక్క ఎటు వాలుతోందో ఒంటికి తెలియదు. తాళ్లు మెలిపడితే నీ ఒళ్లు ఒకవైపు, రెక్క ఒకవైపు తిరుగుతాయి."

భుజాల పట్టీలు బిగించి, పక్క పట్టీలు సరిచేసి, ఛాతీ పట్టీ వెడల్పు తగ్గించి, నిలబడిన మనిషి చేతులు వాడకుండా సీటులోకి జారుకునేదాకా మార్చాం. తర్వాత పక్కన ఎర్రటి పిడి చూపించాను. ప్రాణం మీదికి వస్తే లాగాల్సిన రిజర్వ్ పారాచూట్ పిడి అది.

"కళ్లు మూసుకుని పట్టుకో."

వాడి చెయ్యి రెండుసార్లు గాల్లో వెతికింది. మూడోసారి దొరికింది.

"ఇప్పుడు లాగు."

లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. వరండా అంతా ఊగాడు కానీ పిడి కదల్లేదు. ఎన్నాళ్లుగా మడత విప్పలేదో, పిడిని పట్టి ఉంచే అంటుపట్టీ బిగుసుకుపోయింది. చివరికి రెండు చేతులతో పీకితే ఊడొచ్చింది. లోపల గుడ్డ ముద్దగా, తడిసి ఆరిన వాసనతో ఉంది. మెషీన్‌లో వేసినప్పుడు అదీ లోపలే ఉందన్నమాట.

మా మరదలు అప్పుడు నోరు తెరిచింది. "అంటే వదినా, ఇది తెరుచుకోకపోయేదా?"

"ఏమో. తెరుచుకునేది కాదేమో."

ఆమె మొగుడి వైపు చూసింది. వాడు ఇంకా వేలాడుతూనే, "చిన్న గుట్టేగా, దీనితో పనేముంది" అన్నాడు.

తర్వాతి ఆదివారం హార్నెస్‌ను మాస్టారికి చూపించాం. పట్టీలూ కుట్లూ వేలితో తడుముతూ ఒక్కొక్కటే చూశారు. రెక్కను తగిలించే రెండు తాళపు కొక్కేలు లోపలివైపు అరిగి గాడి పడ్డాయని పక్కన పడేసి కొత్తవి తెప్పించమన్నారు. పారాచూట్ పనికిరాదు, మార్చమన్నారు. హార్నెస్‌ను తయారుచేసినవాళ్ల సర్వీసు సెంటర్‌కు పంపితే, ఎండకు రంగు మారిన భుజం పట్టీ ఒకటి మార్చి తిప్పి పంపారు. ఇంత ఖర్చయ్యాక కొత్తదే వచ్చేది కదా అని తమ్ముడు నెల రోజులు ఏడ్చాడు. హెల్మెట్ మాత్రం అడక్కుండానే రెండోది కొన్నాడు, మొదటిది వీడియోలో రంగు కలవలేదని.

నేర్చుకోవడంలో వాడు మరీ చేతకానివాడేం కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. కింది మడిలో మాస్టారి రెక్క ఎత్తడం, నిలపడం, పడేయడం త్వరగానే వచ్చింది. గుట్ట సగం నుంచి కొన్నిసార్లు బాగానే దిగాడు కూడా. వాడికి రానిది ఆగడం. గాలి కోసం కూర్చోవాల్సి వస్తే కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. కూర్చుంటే తొడల పట్టీలు ఒరుసుకుంటున్నాయని విప్పేసుకునేవాడు. నేను రెండుసార్లు చూసి గట్టిగా అరిచాను. మూడోసారి, "అక్కా, అందరి ముందు చిన్నపిల్లాడిలా చూడకు" అన్నాడు. అందరంటే మాస్టారు, నేను, ఇద్దరు విద్యార్థులు, ఒక బర్రె.

ఆ ఆదివారం వాడి ఆఫీసు స్నేహితులు రెండు కార్లలో వచ్చారు. ఫోన్లు పట్టే కర్రలు, చిన్న స్పీకరు, ఫ్లాస్కులు. గుట్ట మీద పిక్నిక్ మొదలైంది. పొలం రైతు గట్టు మీద నిలబడి, "ఏందమ్మా, ఇయ్యాల జాతర పెట్టిన్రా?" అని నన్ను అడిగాడు. సిగ్గేసింది.

పొద్దున గాలి బాగుంది. నేను పైనుంచి ఎగిరి కింద దిగాను. నా వెనక దిగిన ఒకామె కాలు మడమ దగ్గర బెణికితే, చూడటానికి మాస్టారు కిందికి వచ్చారు. వచ్చేముందు పైన ఉన్న తమ్ముడికి గట్టిగా చెప్పారు: "నేను పైకొచ్చి పట్టీలు చూసేదాకా రెక్క ఎత్తొద్దు." వాడు బొటనవేలు చూపించాడు.

మేం కింద ఆమె కాలికి గుడ్డ కడుతుంటే పైన కేకలు, ఈలలు వినిపించాయి. తలెత్తి చూశాను. రెక్క లేచింది. నున్నగా, అందంగా లేచింది. వాడు పరిగెత్తాడు. నేల వదిలిన మరుక్షణమే నాకు తెలిసిపోయింది. సీటులోకి జారుకోవాల్సిన మనిషి కిందికి జారాడు. హార్నెస్ పైకి పోయింది, మనిషి కిందికి వచ్చాడు. ఛాతీ పట్టీ చంకల్లో ఇరుక్కుని, చేతులు రెండూ పైకి లేచి, ఆరేసిన చొక్కాలా వేలాడాడు. తొడల పట్టీలు గాల్లో కొట్టుకుంటున్నాయి.

స్నేహితులు ఇంకా ఈలలు వేస్తున్నారు. అది కొత్త విద్య అనుకున్నారు.

మాస్టారు వాకీటాకీలో వాడికి "బ్రేకు తాళ్లు ముట్టుకోకు, పట్టీ గట్టిగా పట్టుకో" అని ఒకే గొంతుతో చెప్తున్నారు. రెక్క తనంతట తాను మెల్లగా గుట్ట వాలు పట్టుకుని దిగింది. ఇంకో గుట్ట అయితే, ఇంకాస్త ఎత్తయితే ఏమయ్యేదో నేనిప్పటికీ ఆలోచించను. వాలులో రాళ్ల మధ్య కాళ్లు తగిలాయి, పడ్డాడు. గాలికి రెక్క వాణ్ని కాస్త దూరం ఈడ్చింది. "గాయన పడ్డడు, ఉరుకుండ్రి!" అని రైతు అందరికంటే ముందు పరిగెత్తాడు.

చీలమండ విరిగింది. మొహం, మోచేతులు గీరుకుపోయాయి. సంగారెడ్డి ఆస్పత్రిలో కట్టు కట్టి, రెండు రోజుల తర్వాత ఆపరేషన్ చేశారు. ఆస్పత్రి వరండాలో మా చిన్నమ్మ నన్ను చూడగానే ఏడుపు ఆపి, "నువ్వు లేకపోతే వాడికి ఈ పిచ్చి ఎక్కడిదే? పెద్దదానివి, పట్టీలు చూసుకోవద్దా?" అంది. చిన్నాన్న పేపరు మడిచి, "ఆడవాళ్లు ఇలాంటివి మొదలుపెడితే ఇంతే" అన్నారు. నేల మీద నిలబడి ఉన్నది నేను. పట్టీలు విప్పుకున్నది వాడు. లాజిక్కు చిన్నాన్నదే.

ఆస్పత్రిలో మాట్లాడి ఏం లాభం? టీ తెచ్చి ఇచ్చాను. తాగారు.

నెల తిరక్కుండా తమ్ముడి కొత్త వీడియో వచ్చింది. కాలు దిండు మీద పెట్టుకుని, మెల్లగా సంగీతం వస్తుంటే, "ఎత్తు నుంచి పడినప్పుడే మనిషి లోతు తెలుస్తుంది" అన్నాడు. పడటానికి కారణం కూడా చెప్పాడు. హార్నెస్ ఫెయిలైందట. గాల్లో ఉండగా పట్టీ "వదిలేసింది"ట. ఎంతో జాగ్రత్తగా అన్నీ చెక్ చేసుకున్నా, సామాన్లు మోసం చేస్తాయట. కింద ఓదార్పులు, ప్రార్థనలు, మొక్కులు. ఒకాయన "మీరు నిజమైన యోధులు" అని రాశాడు. యోధుడు పట్టీ పెట్టుకోవడం మర్చిపోయాడని నేను రాయబోయి చెరిపేశాను.

తర్వాత ఒక శనివారం మరదలు ఫోన్ చేసింది.

"వదినా, రేపు జెర వస్తరా? ఈయన గా హార్నెస్ అమ్మకానికి పెట్టిండు. పొద్దుగాల ఎవరో చూడనీకె వస్తున్నరంట."

"ఏమని పెట్టాడు?"

"ఎక్కువ వాడలేదు, కండిషన్ మస్తుగుంది అని రాసిండు."

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. హార్నెస్ సోఫా మీద తుడిచి పెట్టి ఉంది. పైకి బాగానే కనిపిస్తోంది. సీటు కింది చెక్క బయటికి తీశాను. అడ్డంగా నెర్రె ఇచ్చింది. వీపు వెనకాల ఉండే మెత్త ఒకవైపు అణిగిపోయింది. రాళ్ల మీద ఈడ్చినప్పుడు ఒక తొడ పట్టీ, రెక్క తగిలించే చోటి పట్టీ రేగిపోయి దారాలు లేచాయి. ఆ లేచిన దారాలను ఎవరో నున్నగా కత్తిరించారు.

"దారాలు కోసింది నువ్వేనా?"

"చూడ్డానికి నీట్‌గా ఉండాలి కదక్కా."

"ఊరంతా హార్నెస్ ఫెయిలైందని చెప్పావు. మరి ఫెయిలైన దాన్ని ఎవరికి అమ్ముతున్నావురా?"

వాడు ఫోను బోర్లా పెట్టాడు. "అది... కంటెంట్ కోసం చెప్పిందక్కా. హార్నెస్‌కేం కాలేదు."

"అప్పుడు కాలేదు. ఇప్పుడైంది. ఈ పట్టీ మీద మనిషి వేలాడతాడు."

"అతను చెక్ చేసుకుంటాడులే. నేను కొన్నప్పుడు నాకెవరు చెప్పారు?"

నేను చెప్పాను. వరండాలో వేలాడదీసి మరీ చెప్పాను. మా ఫ్యాక్టరీలో ట్యాంకుల మీదికి ఎక్కేవాళ్ల బెల్టులు పాడైతే, పారేసే ముందు ముక్కలుగా కోస్తాం. కోయకపోతే చెత్తకుప్ప లోంచి ఎవరో ఒకరు తీసుకుని మళ్లీ కట్టుకుంటారు. ఆ పని నేనే దగ్గరుండి చేయిస్తాను. నాకు ఇంకేం తోచలేదు.

"కత్తెర ఉందా?" అని మరదల్ని అడిగాను.

ఆమె మొగుడి మొహం చూడలేదు. లోపలికి వెళ్లి బట్టలు కోసే పెద్ద కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏయ్, నువ్వేంటి దానికి కత్తెరిస్తున్నావు?" అని వాడు ఊతకర్ర అందుకోబోయాడు. అది సోఫా వెనక్కి జారిపోయింది.

ఆ పట్టీ కోయడం అనుకున్నంత సులువు కాదు. మనిషి బరువుకు ఎన్నో రెట్లు మోయాల్సిన నైలాన్. కత్తెర జారింది, వేళ్లు నొప్పెట్టాయి. మరదలు ఇంకో కొసన గట్టిగా లాగి పట్టుకుంది. తొడ పట్టీలు, ఛాతీ పట్టీ, భుజాలవి, ఒక్కొక్కటే కోశాను. తమ్ముడు అరుస్తూనే ఉన్నాడు: పోలీసు కేసు అన్నాడు, నీకు అసూయ అన్నాడు, చిన్నప్పుడు వాడి గాలిపటం చింపింది కూడా నేనే అన్నాడు. అది అబద్ధం. గాలిపటం కుక్క చింపింది.

కొనడానికి వచ్చినతను అప్పటికే కింద గేటు దగ్గర ఉన్నాడు. నేనే దిగి వెళ్లాను. పటాన్‌చెరులో ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో. యూనిఫాం చొక్కా మీదే వచ్చాడు. అది పాడైపోయిందని, కోసేశానని చెప్పాను.

"కోసేసిన్రా?" అని కాసేపు నన్ను పైకీ కిందికీ చూశాడు. "మరి నిన్న చెప్పద్దా అమ్మా? నైట్ డ్యూటీ చేసి సక్కగ ఇటే వచ్చిన. నిద్ర కూడ పోలే. మస్తుగుంది అన్నడు ఆయన."

క్షమించమన్నాను. నేర్చుకోకుండా సామాను కొనవద్దని, కావాలంటే నేర్పే మనిషి దగ్గరికి పంపిస్తానని అన్నాను. "మీరు మీరు కోసుకుంటరు, నడుమ మేము పరేషాన్" అంటూ బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. నా నంబరు తీసుకోలేదు. నాకు అతని మీద కోపం రాలేదు. నిద్ర లేని మనిషి.

తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. చిన్నమ్మ ఒక పెళ్లిలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా అవతలి వరుసలో కూర్చుంది. ఖరీదైన వస్తువును కళ్లముందే నాశనం చేసిన దాన్నని బంధువుల్లో పేరొచ్చింది. సరే, ఉండనీ.

మరదలు మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కాలు బాగైందట, కొంచెం కుంటుతాడట. ఇప్పుడు ఖరీదైన సైకిలు కొన్నాడట. పొద్దున్నే ఔటర్ రింగు రోడ్డు వైపు స్నేహితులతో పోతాడట.

"హెల్మెట్ పెట్టుకుంటున్నాడా?" అన్నాను.

"హ్యాండిల్‌కు తగిలించుకుంటడు వదినా. ఫొటో దిగేటప్పుడు పెట్టుకుంటడు."